బుల్లయ్యని యాడికని అడగొద్దు

గాలివారిపాలెం బుల్లయ్యకి నలభై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదంటే అందులో అతని తప్పు లేదు, జాతకం తప్పు లేదు, మిరపకాయ రేటు తప్పు అసలే లేదు. తప్పంతా ఊరిది. ఈ మాట నేనంటున్నది కాదు సుమండీ, బుల్లయ్యే అంటాడు. పెళ్ళిచూపులకని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గడప దాటిన ప్రతిసారీ ఎవడో ఒకడు ఎదురొచ్చి, పళ్ళికిలించి, "యాడికి బుల్లయ్యా?" అన్నాడు. ఇంకేముంది! పోయిన పని బూడిదలో పోసిన పన్నీరే.

బయటికి పోయే మనిషిని ఎక్కడికని అడక్కూడదన్న సంగతి మనవైపు తెలీనివాళ్ళెవరు? అడిగి తీరాలనుకుంటే "ఎందాకా?" అనాలి. లేదా గమ్మునుండాలి. తెలుసు, అందరికీ తెలుసు. కానీ నోరుంటుందే, అది తెలిసినవి చేసే రకం కాదు. ఎదురుగా మనిషి కనపడితే చాలు, ఆ మాట దానంతటదే జారిపడుతుంది.

బుల్లయ్యకి ఈ పట్టింపు వాళ్ళమ్మ ఉగ్గుపాలతో పోసింది. ఒక ఎండాకాలం వాళ్ళ నాన్న మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, లారీకెత్తించి గుంటూరు యార్డుకి బయల్దేరితే, ఎవరో మహానుభావుడు వెనకనించి "యాడికీ?" అని కేకేశాడట. చిలకలూరిపేట దాటగానే వాన. నడివేసవిలో వాన! కాయంతా తడిసి, రంగుపోయి, యార్డులో తాలుకాయ కింద సగం రేటు కట్టారు. టార్పాలిను కప్పడం మర్చిపోయాడన్న సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. వానకి కారణం ఆ మాటే.

అయితే దోషానికి విరుగుడుంది. వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలి. బాగానే ఉంది గానీ, బుల్లయ్య కాళ్ళు కడుక్కునేదాకా పొదిలి బస్సు ఆగదు గదా. ఇంటర్ పరీక్షకి పోతూ కాళ్ళు కడుక్కున్నాడు, పరీక్ష పోయింది. డ్రైవింగ్ లైసెన్సుకి పోతూ కాళ్ళు కడుక్కున్నాడు, లైసెన్సూ లేదు. పెళ్ళిచూపుల సంగతి సరేసరి. పిల్ల తరపువాళ్ళు పొద్దున్నే రమ్మంటే ఈయన పొద్దు వాలాక దిగేవాడు. ఊళ్ళో అంత శుభ్రమైన కాళ్ళున్న మగాడు మాత్రం ఇంకోడు లేడు.

"బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా ఎందుకూ పనికిరారురా" అనేవాడు పక్క చేను బాపయ్య. చిన్ననాటి స్నేహితుడు కాబట్టి ఏదన్నా అనొచ్చనుకుంటాడు.

"ముదిరింది నా వల్ల కాదురా, నీ నోటి వల్ల" అనేవాడు బుల్లయ్య. అదీ నిజమే. సగం పెళ్ళిచూపులకి అడ్డం పడింది బాపయ్య నోరే.

ఇట్లా ఉండగా పున్నమ్మ వచ్చింది.

పున్నమ్మది పొదిలి రోడ్డు మీద, ఊరి వాగు మీది చప్టా దాటాక కనపడే మిరపనారు నర్సరీ. ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద ట్రేలు పరిచి, కొబ్బరిపొట్టులో గింజ పెట్టి, నారు పోసి అమ్ముతుంది. భర్త పోయాక ఒంటిచేత్తో లాక్కొస్తోంది. పిల్లల్లేరు. మాట కోటేరులా సూటిగా ఉంటుంది. "నారు తీసుకుపోయి నీళ్ళు పెట్టకుండా చంపి, మళ్ళీ నా మీదికి రావొద్దు" అని మొదటిరోజే బుల్లయ్యకి చెప్పింది. ఆ కసురుకే బుల్లయ్య పడిపోయాడు. ఎంత పడిపోయాడంటే, వారం తిరక్కుండా మళ్ళీ పోయి, "కొన్ని మొక్కలు చచ్చినయ్యండీ, ఖాళీల్లోకి కావాలి" అన్నాడు.

చచ్చిందీ లేదు, పాడూ లేదు. చేలో ఒక్క ఖాళీ లేదు. అయినా పోతూనే ఉన్నాడు, ఒక సీజను కాదు, రెండు సీజన్లు. ప్రతిసారీ ఇవ్వాళ పెళ్ళి మాట చెప్పేయాలనే పోయేవాడు. ప్రతిసారీ దారిలో ఎవరో యాడికి అనేవాళ్ళు. అక్కడికి పోయాక నోరు పెగిలేది కాదు. మాట చెడింది, నారు దొరికింది. తెచ్చిన నారు ఏం చేస్తాడు పాపం? దొడ్లో నాటాడు, డాబా మీద పాత బకెట్లలో నాటాడు, అక్కడా చోటు లేకపోతే ఊరికి పంచాడు. గాలివారిపాలెంలో బుల్లయ్య ఇచ్చిన మిరపచెట్టు లేని గుమ్మం లేదు. చర్చి కాంపౌండులో కూడా వరసగా కాస్తున్నాయి.

ఈసారి నారు సీజను ఆఖర్లో పోయినప్పుడు పున్నమ్మ ట్రేలు దులుపుతూ, తలెత్తకుండానే చెప్పింది.

"సింగరాయకొండలో మా అక్క ఒక్కతే ఉంటోంది. వచ్చి తోడుండమంటోంది. నర్సరీ కౌలుకిచ్చేసి ఆదివారం పోతున్నా."

బుల్లయ్య గుండె జారి చెప్పుల్లో పడింది. "ఆదివారమా అండీ? ఏ ఆదివారం?"

"ఆదివారం ఎన్ని ఉంటయ్యి? వచ్చేదే." ఇంకో ట్రే దులిపింది. "మొక్కలు చచ్చిన సంగతి కాకుండా ఇంకేమన్నా చెప్పేదుంటే, శనివారంలోపు వచ్చి చెప్పండి."

ఇంతకంటే తలుపు ఎవరన్నా ఎట్లా తీస్తారు? రాయికైనా అర్థమవుతుంది. బుల్లయ్యకీ అర్థమైంది. కానీ ఆ రోజు వచ్చేటప్పుడు బాపయ్య యాడికి అన్నాడు కదా, దోషం ఉంది కదా! అందుకని, "ఇంకో ట్రే ఇవ్వండి" అని తీసుకుని ఇంటికొచ్చేశాడు. అట్టాంటివాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

మర్నాడు మోటారు సైకిలు మీద రివ్వున పోతే ఎవరికీ అడిగే తీరికుండదనుకున్నాడు. బండి స్పీడు పెరిగితే ఊరి గొంతూ పెరిగింది. "యాడికిరోయ్ అంత జోరుగా?" అని వీధి చివరి దాకా తరుముకొచ్చింది. వెనక్కి. కాళ్ళు. మంచినీళ్ళు. ఆ తర్వాతి పొద్దున ఇంకా వెలుతురు సరిగా రాకముందే పత్తిచేల గట్ల మీద దొంగలా నడిచి పోయాడు. పత్తిచెట్ల మధ్యనించి బాపయ్య తల పైకి లేచింది, మోటరు వేయడానికొచ్చాడట.

"ఒరేయ్, యాడికిరా గట్లమ్మట?"

"నీ నోట్లో మన్నుబడ!" అని బుల్లయ్య అక్కడే కూలబడ్డాడు.

గురువారం నాటికి ఒక ఉపాయం తట్టింది. పురుగుమందు అట్టపెట్టె చింపి, దాని మీద పెద్దక్షరాలతో "నన్ను ఎక్కడికి అని అడగరాదు" అని రాసి, పురికొస కట్టి మెళ్ళో వేసుకున్నాడు. చదువుకున్నవాళ్ళు చదివి ఊరుకుంటారు, చదువురానివాళ్ళు అదేంటో అర్థంకాక ఊరుకుంటారు. లెక్క బాగానే ఉంది.

మొదటి ఇల్లు జోసఫ్ మాస్టారిది. రిటైరైన సోషలు మాస్టారు, అరుగు మీద కుర్చీలో ఉన్నారు. ఉద్యోగమంతా పిల్లలకి పాఠాలు పైకి చదివి చదివి, ఆయనకి అక్షరం కనపడితే పైకి చదవకుండా ఉండలేని జబ్బొచ్చింది. బిస్కెట్ ప్యాకెట్టు మీద రాసిందైనా సరే చదవాల్సిందే. కళ్ళజోడు సవరించుకుని, వీధంతా వినపడేట్టు అందుకున్నారు.

"నన్ను... ఎక్కడికి..."

"మాస్టారూ!" బుల్లయ్య చెవులు మూసుకున్నాడు. "అనేశారు!"

"నేను అడగలేదయ్యా. చదివాను."

"మాట మాటే గదండీ!"

"అడగటం వేరు, చదవటం వేరు. రాసింది నువ్వు. నువ్వే అన్నట్టు."

తన మాట తనకే తగిలిందా అని బుల్లయ్య గజగజలాడుతుంటే బాపయ్య వచ్చాడు. రాక ఏం చేస్తాడు! అట్టని కూడబలుక్కుని చదివి, "ఇట్టా మెళ్ళో వేసుకుని యాడికిరా?" అన్నాడు.

"కళ్ళు లేవురా నీకు? అడగొద్దని రాశాను గదా!"

"నువ్వు రాసింది 'ఎక్కడికి'. నేనన్నది 'యాడికి'. రెండూ ఒకటా?"

బుల్లయ్య అట్ట తెంపి నేలకేసి కొట్టి మాస్టారి అరుగెక్కాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే. "మాస్టారూ, దేశంలో చట్టం లేదా? నా నమ్మకం నాకు హక్కు కాదా?"

"హక్కే" అన్నారు మాస్టారు. పాఠం చెప్పి చాన్నాళ్ళయిన మనిషి, అడిగితే ఆగుతారా? "రాజ్యాంగం ఇరవై ఐదో అధికరణం. నీ అంతరాత్మ నీ ఇష్టం."

అంతే, ఆ ఒక్క ముక్క పట్టుకుని మనవాడు మర్నాడు గ్రామసభలో లేచి నిలబడ్డాడు. సర్పంచి లక్ష్మీదుర్గ మంచినీళ్ళ పైపుల గురించి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం పడ్డాడు.

"అమ్మా సర్పంచీ, నాకు ఇరవై ఐదో అధికరణం ఉంది. నా నమ్మకం ప్రకారం ఆ మాటంటే నా పని చెడుద్ది. కాబట్టి ఊళ్ళో ఎవరూ ఆ మాట అనకూడదని తీర్మానం చెయ్యాలి."

"ఏ మాట బాబాయ్?" అంది లక్ష్మీదుర్గ.

చెప్పాలంటే తనే అనాలి. బుల్లయ్య నోరు తెరిచి, మూసి, చేత్తో రోడ్డు వైపు చూపించి, భుజాలెగరేశాడు. సభలో నవ్వులు పొర్లాయి.

మిరపకోతలకి కూలీల్ని కుదిర్చే రెబ్కమ్మ లేచింది. బుల్లయ్య ఎదురింటి మనిషే. "ఏమయ్యా బుల్లయ్యా, నేను శకునాలు నమ్మను. నమ్మొద్దని మా పాస్టరు గారు చెప్పారు. నమ్మకపోవడం నా నమ్మకం. నీ నమ్మకం కోసం నా నోరు కుట్టేసుకోవాలా? మనిషి గడప దాటుతుంటే యాడికి నాయనా అని అడగాలి, అడిగితేనే మనుషులం. అడక్కపోతే గొడ్డుకీ మనకీ తేడా ఏంది?"

"అడుగు! అడిగి నన్ను నాశనం చెయ్యి!"

"ప్రభువు తోడుండాలని కూడా అంటాను గదయ్యా వెనకనే!"

"అది బాగానే ఉంటది రెబ్కక్కా, ముందు మాటే కొంపముంచుద్ది!"

జోసఫ్ మాస్టారు చెయ్యెత్తారు. నిన్నటి పాఠం సగంలో ఆగిందన్న బాధ ఆయనకుంది. "బుల్లయ్యా, నిన్న నువ్వు మిగతాది వినకుండా పోయావు. నువ్వేం నమ్మినా అది నీ తల లోపలిది. ఆడికి పోలీసు రాడు, సర్పంచి రాదు, నేనూ రాను. మాట అట్టా కాదు, ఒకరి నోట్లోంచి వచ్చి ఇంకొకరి చెవిలో పడుద్ది. అందుకే దానికి పందొమ్మిదో అధికరణంలో హక్కూ ఇచ్చారు, హద్దులూ పెట్టారు. పరువు తియ్యకూడదు, కొట్లాట రేపకూడదు. కానీ మనిషిని యాడికి అని పలకరించడం ఏ హద్దులోకీ రాదు. నీ నమ్మకం చెడుద్దని ఊరి నోళ్ళకి తాళం వెయ్యడం కుదరదయ్యా."

"అంటే నేను నమ్మొచ్చు, వాళ్ళు అనొచ్చు. అంతేనా?"

"అంతే."

"మరి నేనెట్టా పోవాలండీ?" అన్నాడు బుల్లయ్య. ఆ గొంతులో దిగులు విని సభ ఒక్కసారిగా చల్లబడింది. అప్పుడు లక్ష్మీదుర్గ, పాపం మంచి మనసుతోనే, ముందుకు వంగి, "అసలు ఇంతకీ నువ్వు పోవాల్సింది ఎక్కడికి బాబాయ్?" అంది.

సభ గొల్లుమంది. సర్పంచి నాలిక్కరుచుకుంది. బుల్లయ్య తలపట్టుకుని నేల మీద కూర్చున్నాడు. నవ్వుల మధ్యనించి రెబ్కమ్మ గొంతు వినిపించింది.

"యాడికేందమ్మా, పున్నమ్మ నర్సరీకి. ఊరూరంతా మిరపచెట్లు మొలిపించాడు, ఇంకా అర్థం కాలేదా? ఆమె ఎల్లుండి పోతోంది."

ఎవరూ నవ్వలేదు. బాపయ్య అయితే నేల చూపులు చూశాడు. లక్ష్మీదుర్గ గొంతు సవరించుకుని చెప్పింది. "తీర్మానం చెయ్యలేం బాబాయ్. మాస్టారు చెప్పినట్టు ఎవరి నోరు వాళ్ళది. కానీ నోరుంది గదా అని వాడి తీరాలని ఎవరూ అనలేదుగా. రేపు పొద్దున బుల్లయ్య బాబాయ్ చప్టా దాటేదాకా ఎవరూ ఏమీ అడగొద్దని నేను బతిమాలుతున్నా. ఇష్టమైతేనే."

శనివారం పొద్దున బుల్లయ్య గడప దాటేసరికి ఊరంతా వీధిలో ఉంది. అడగొద్దన్నారు గానీ చూడొద్దనలేదుగా! రెండు వైపులా బారులు తీరి నిలబడ్డారు, మూతులు బిగించుకుని. రెబ్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జోసఫ్ మాస్టారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు, పొరపాటున ఎక్కడన్నా అక్షరం కనపడుద్దేమోనని. బాపయ్యని చూస్తే జాలేసింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు, మొహం కందగడ్డయింది, ఆ మాట లోపల కుక్కపిల్లలా గింజుకుంటోంది.

బుల్లయ్య నడిచాడు. అబ్బ, ఏం నిశ్శబ్దం! శవాన్ని తీసుకుపోయేటప్పుడు కూడా నలుగురు ఏడుస్తారు, డప్పన్నా మోగుతుంది. ఇక్కడ తన చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. జీవితంలో మొదటిసారి తన దారికి ఎవరూ అడ్డం లేరు. హాయిగా ఉండాలా వద్దా? ఉండలేదు. నాలుగడుగులేసి వెనక్కి చూశాడు. ఎవరూ అనరే!

నడక మెల్లగా చేశాడు. చెప్పు సరిచేసుకునే వంకన రెబ్కమ్మ ముందు వంగాడు. "ఏం రెబ్కక్కా, బాగున్నావా?"

ఆమె తలూపింది.

"నేను ఇట్టా పోతన్నా."

మళ్ళీ తలూపింది.

"ఏమన్నా అడగాలనుంటే అడుగు అక్కా. పర్లేదు, నేనేమీ అనుకోను."

రెబ్కమ్మ కొంగు ఇంకాస్త లోపలికి కుక్కుకుని, కళ్ళనీళ్ళతో తల అడ్డంగా ఊపింది. బుల్లయ్య ఆఖరి ఆశతో బాపయ్య దగ్గరికి పోయాడు. "ఒరేయ్ బాపిగా, నువ్వన్నా అనరా. ఒక్కసారి." బాపయ్య నోరు మూసుకున్న చేతులు తియ్యకుండానే, కాలితో మెల్లగా బుల్లయ్య పిర్ర మీద ఒక్కటిచ్చి రోడ్డు వైపు తోశాడు.

చప్టా దాటాక బుల్లయ్య ఒంటరిగా నిలబడి ఏడ్చినంత పనిచేశాడు. సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఊరి నోటికి భయపడ్డానని అనుకున్నాడు. కాదు. భయమంతా తన నోటిదే. తను అడిగితే ఆమె కాదంటే? యాడికి అన్నవాళ్ళంతా ఆ భయానికి చాటు ఇచ్చారు, ఇవ్వాళ ఆ చాటు లేదు. వెనక్కి పోదామంటే ఊరంతా చూస్తోంది.

నర్సరీలో పున్నమ్మ ఖాళీ ట్రేలు కట్టలు కడుతోంది. సామాను మూటలు గేటు దగ్గర ఉన్నాయి. ఇస్త్రీ చొక్కాలో చెమటతో తడిసి ముద్దయి వచ్చిన బుల్లయ్యని పైనించి కిందిదాకా చూసి, అమాయకంగా అడిగింది.

"ఎక్కడికండీ ఇంత పొద్దున్నే?"

బుల్లయ్యకి కాళ్ళు వెనక్కి లాగాయి. ఇంటికి పోవాలి, కాళ్ళు కడుక్కోవాలి, మంచినీళ్ళు తాగాలి. పాదం ఒకటి వెనక్కి తిరిగింది కూడా. రెండోది మాత్రం కదల్లేదు.

"ఇక్కడికేనండీ" అన్నాడు.

"నారు అయిపోయింది. మీ చేలో ఇంకా ఖాళీలున్నాయా?"

"మా చేలో ఖాళీ ఏనాడూ లేదండీ. అన్నీ అబద్ధాలు. ఒక్క మొక్క చావలేదు." ఇక ఆగలేదు, గండి పడ్డ కాలవలాగా వచ్చేసింది. "నాకు నలభై ఆరు. ఇంటరు తప్పాను. లైసెన్సు లేదు. మీరు కసిరితే నాకు బాగుంటది. మీరు పోతే నాకు బాగుండదు. మీకిష్టమైతే మనం పెళ్ళి చేసుకుందాం. ఇష్టం లేకపోతే ఇంకో ట్రే ఇవ్వండి, పోతాను."

పున్నమ్మ చేతిలోని తాడు కింద పెట్టింది. కట్టిన ట్రేలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఆ లెక్క తేలేలోపు బుల్లయ్య చచ్చి బతికాడు.

"మీ మనసులో ఏముందో నాకు రెండు సీజన్ల నుంచీ తెలుసు" అంది చివరికి. "తెలిసి నేనేం చేసుకోను? మీ లోపల మీరెంత నమ్మినా నా చెవిన పడనిది నాకేం పనికొస్తది? మీరు చెప్తారనే నమ్మకం మాత్రం నిన్న సాయంత్రంతో వదిలేశాను."

"అయితే..."

"అయితే ఏముంది, ఆ మూటలు లోపల పెట్టండి."

అని ఫోను తీసి అక్కకి కలిపింది. బుల్లయ్య రెండు మూటలు రెండు చంకల్లో ఇరికించుకుని వింటున్నాడు.

"అక్కా, నేను రావట్లేదే. ఎందుకేంటి? ఆయన నోరు తెరిచాడు."